పౌర్ణమి కాని రోజు నడక

సద్దుల బతుకమ్మను సాగనంపి, దసరా నాడు జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని అలయ్ బలయ్ తీసుకున్నాక అయిదు రోజులకు షోలాపూర్ పూర్వ భాగ్ పేటలు రోడ్డెక్కుతాయి. ఆశ్వయుజ పౌర్ణమి, అంటే ఇక్కడందరూ కోజాగిరి అని పిలిచే రాత్రి, తుల్జాభవాని దర్శనానికి నడిచి వెళ్లడం ఈ ఊరికి పెద్ద మొక్కు. రూపాభవాని గుడి దగ్గర దండం పెట్టుకుని ఉత్తరం దారి పట్టే జనం లక్షల్లో ఉంటారు. తుల్జాపూర్ సుమారు 45 కిలోమీటర్లు. సాఖర్ పేట్, భద్రావతి పేట్, కన్నా చౌక్, అశోక్ చౌక్, దత్తనగర్ గల్లీల్లోని పద్మశాలి కుటుంబాలూ అందులో ఉంటాయి. మిగతా రోజుల్లో పక్క చౌక్‌లో పాలు తేవడానికి కూడా బండి తీసేవాళ్లు ఆ ఒక్క రాత్రి బాలాఘాట్ కొండ ఎక్కేస్తారు. అందుకే ఈ ఊళ్లో ఎవరితోనైనా పిల్లాపాపలతో కలిసి ఏడు కిలోమీటర్లు తీరిగ్గా నడిచొచ్చే పగటి నడక గురించి, దానికి ముందుగా వేసుకోవలసిన ప్రణాళిక గురించి మాట్లాడితే నవ్వేస్తారు. నలభై అయిదు నడిచిన కాళ్లకు ఏడు ఒక లెక్కా అంటారు. ఆ మాటలో లెక్క తలకిందులైంది. తుల్జాపూర్ నడకే అందుకు సాక్ష్యం.

ఆ రాత్రి ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడండి. యంత్రాంగం ఆ రోడ్డు మీద వాహనాల్ని ఆపి వేరే దారులకు మళ్లిస్తుంది. రోజూ లారీలు ఊపిరి సలపనివ్వని జాతీయ రహదారి కొన్ని గంటలపాటు నడిచేవాళ్ల సొంతమవుతుంది. దారి పొడవునా పందిళ్లు వేసి చాయ్, అరటిపండ్లు, సాబూదానా కిచిడీ, మంచినీళ్లు పిలిచి మరీ ఇస్తారు. కాళ్లు బొబ్బలెక్కితే మందు రాయడానికి వైద్య శిబిరాలుంటాయి. ఎండ ఉండదు, పైన నిండు చంద్రుడుంటాడు. ముందూ వెనకా మనుషులే కాబట్టి దారి తప్పే భయం లేదు, ఆడవాళ్లకు ఒంటరితనపు భయం లేదు. దర్శనం అయ్యాక ఇంటికి చేర్చడానికి ఎస్‌టీ బస్సులుంటాయి. గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున చూసినా పదకొండు గంటలకు పైగా పట్టే నడకలో భక్తుడు భుజాన మోసేది ఒక చిన్న సంచి మాత్రమే. మిగతా బరువంతా ఊరు మోస్తుంది. భక్తి లేకపోతే ఇదంతా ఉండేదా అని అడగవచ్చు. ఉండేది కాదు. అయితే అమ్మవారు ఏడాది పొడవునా అక్కడే ఉన్నా, అదే భక్తితో అదే జనం మే నెల మధ్యాహ్నం ఎందుకు బయల్దేరరో కూడా ఆలోచించాలి. కాలం, వేళ, నీడ, నీళ్లు, తోడు, తిరుగు బండి కుదిరిన రాత్రి కాబట్టే సామాన్యుడి కాళ్లు అంత దూరం సాగుతున్నాయి. ఏర్పాటు పెద్దదైతే కష్టమైన నడక కూడా సులువవుతుందని అది చెబుతోంది. ఏర్పాటు లేని రోజున సులువైన నడక కూడా కష్టమే అవుతుందన్నది దాని రెండో సగం. పౌర్ణమి కాని రోజున పందిరి ఉండదు, వైద్య శిబిరం ఉండదు, ట్రాఫిక్ ఆపే పోలీసు ఉండడు. అవన్నీ మనమే చిన్న ఎత్తున అమర్చుకోవాలి.

అసలు నడకే ఎందుకని మొదట అడిగేది కార్ఖానాలో పనిచేసేవాళ్లే. రోజంతా నిలబడి మగ్గాలు చూసుకునేవాడికి సెలవు రోజు మళ్లీ కాళ్లకు పని చెప్పడం ఏమిటన్నది న్యాయమైన ప్రశ్న. అయితే ఆ నడక ఎలాంటిదో చూడాలి. రెండు మగ్గాల మధ్య నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. నాడె ఆగితే కండె మార్చాలి, తెగిన పోగు కలపాలి, టవల్ అంచు చూడాలి, మళ్లీ వెనక్కి తిరగాలి. పక్క మనిషి మాట వినపడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాల్సినంత మోత, గాల్లో నూలు దుమ్ము, కింద గట్టి సిమెంటు నేల. అలా గంటల తరబడి నిలబడితే పిక్కలు లాగుతాయి, పాదాలు వాస్తాయి. ఒకే తీరున సాగే నడక ఆ పిక్కల్ని సడలిస్తుంది, గుండెకూ ఊపిరికీ వ్యాయామమవుతుంది. ఇంట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. చేటలో ఆకూ తంబాకూ పెట్టుకుని, మెడ వంచి, మోకాళ్లు మడిచి కూర్చున్న మనిషి పొద్దంతా లేచేది వంటకూ నీళ్లకూ మాత్రమే. ఈ పేటల్లో ఒకే ఇంట్లో భర్త నిలబడి అలసిపోతే భార్య కూర్చుని అలసిపోతుంది. ఇద్దరికీ కలిపి పనికొచ్చే మందు, డబ్బు పెద్దగా అడగనిది, ఒక పూట బయట నడక.

ఎక్కడ నడవాలన్నదాని మీద నా అభిప్రాయం కాస్త మొండిది. తుల్జాపూర్ దారి అలవాటైన దారి కదా అని దాన్నే పట్టుకుని మామూలు రోజున బయల్దేరడం తెలివితక్కువ పని. వాహనాలు ఆపని రోజున అది నడకబాట కానే కాదు. కానీ ఆ దారి ఒక మంచి చోటికి తీసుకెళ్తుంది. నగరానికి ఈశాన్యంగా ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో హిప్పర్గా చెరువు ఉంది. కాగితాల్లో దాని పేరు ఏక్రుఖ్. ఆదిలా నదికి అడ్డంగా మట్టికట్ట వేసి 1871లో పూర్తిచేసిన ఆ జలాశయం సాగు కోసం పుట్టి, తర్వాత షోలాపూర్ దాహం కూడా తీర్చింది. అక్కడి వరకూ బస్సులోనో ఆటోలోనో వెళ్లి, రహదారిని వెనక వదిలేసి, చెరువు చుట్టుపక్కల పొలాల మధ్య బండిబాటల మీద మూడున్నర కిలోమీటర్లు వెళ్లి అంతే దూరం వెనక్కి రావడం ఒక కుటుంబానికి సరిపోయే నడక. చుట్టు తిరిగి వచ్చే దారి వెతక్కండి. వెళ్లిన దారినే తిరిగి రావడంలో గొప్ప సౌకర్యం ఉంది, ఎక్కడ అలసట వస్తే అక్కణ్ణుంచి వెనక్కి మళ్లవచ్చు. చుట్టుదారిలో సగం దాటాక ముందుకైనా వెనక్కైనా ఒకటే. ఏ బాట ఎవరి పొలంలోకి పోయి ఆగుతుందో, కట్ట మీదికి వెళ్లనిస్తారో లేదో, ముందు ఆదివారమే ఎవరో ఒకరు బండి మీద వెళ్లి చూసి, అక్కడి రైతును అడిగి రావాలి. ఫోన్‌లోని ఉపగ్రహ పటం బాట ఉందని చూపిస్తుంది, ఆ బాటకు అడ్డంగా ముళ్లకంప వేశారని చూపించదు.

షోలాపూర్‌లో చూడ్డానికేముంది, మహాబలేశ్వరం వెళ్తే కదా కొండలూ పచ్చదనమూ అన్నది మరో మాట. పచ్చని కొండల్ని మాత్రమే అందమని ఒప్పుకుంటే ఇక్కడ ఏమీ లేదు. ఇది వర్షచ్ఛాయ ప్రాంతం, నల్లరేగడి నేల, తుమ్మచెట్ల నీడ. కానీ చలికాలం ఈ నేల వేషం మారుతుంది. యాసంగి జొన్న నడుమెత్తు దాటి కంకి వేస్తుంది, శనగ పూత మీదుంటుంది, చెరువు మీద వలస పక్షులు దిగుతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పాలకంకుల్ని పిడకల నిప్పు మీద కాల్చి, చేత్తో నలిపి, ఊదుకుని తినే హుర్డా కాలం. మన తెలంగాణ పల్లెల్లో ఊచబియ్యం అని తినేది ఇదే. తాతలు నిజాం ఏలుబడిలోని ఊళ్ల నుంచి మగ్గం పనికి ఇక్కడికొచ్చాక మూడు నాలుగు తరాలు గల్లీల్లోనే పెరిగాయి. చుట్టూ ఉన్న పొలాల్లో ఏం పండుతుందో తెలియని పిల్లలు పేటల్లో బోలెడుమంది. భూగోళం పుస్తకంలో నల్లరేగడి గురించి చదివే పిల్లకు అదే నేల నెర్రెలిచ్చి కాలి కింద కనిపించడం కూడా దృశ్యమే. దూరం నుంచి చూసి ఫొటో తీసుకునే అందం కావాలంటే బండి చాలు. దగ్గర నుంచి చూడవలసినది ఉన్న చోట నడకే తగిన వేగం.

అయితే ఈ బాటలు మన ఒక్కరివే కావు. అసలు జాగ్రత్తంతా ఇక్కడే. చలికాలమంటే చెరుకు నరికే కాలం కూడా. ఒక ట్రాక్టరు వెనక రెండు ట్రాలీలు, అంచులు దాటి వేలాడే చెరుకు, డ్రైవరు పక్కన స్పీకరులో ఆకాశాన్నంటే పాట. అతనికి మీ పిలుపు వినపడదు. ఆ వెనక ట్రాలీ మలుపులో ముందు ట్రాలీ కంటే లోపలికి కోసుకొస్తుంది కాబట్టి మలుపు లోపలి అంచున ఎప్పుడూ నిలబడకూడదు. ఇదే బాట మీద పాలవాళ్ల మోటారు సైకిళ్లు, చేపలు పట్టేవాళ్లు, ధన్‌గర్ల గొర్రెల మందలు, ఎడ్లబండ్లు వస్తుంటాయి. కాలిబాట వేరుగా లేని చోట కుడిపక్కన నడవడం మంచిది, ఎదురొచ్చే బండి కళ్లకు కనపడుతుంది. ఇద్దరిద్దరు పక్కపక్కన కబుర్లాడుకుంటూ పోయే సరదాను బండి చప్పుడు వినపడగానే ఆపి, ఒకరి వెనక ఒకరు కావాలి. పిల్లలు గట్టు వైపు, పెద్దలు బండ్ల వైపు. వెనక నుంచి మోటారు సైకిలు వస్తే అటో ఇటో గెంతకుండా ఉన్నచోటే ఆగాలి. మీరు ఎటు కదులుతారో తెలియకపోవడమే నడిపేవాడికి ప్రమాదం. గొర్రెల మంద వస్తే పక్కకు జరిగి పూర్తిగా పోనివ్వాలి, మందతో వచ్చే కుక్క మొరిగితే పరుగెత్తకూడదు, రాయి కోసం వంగకూడదు. బ్రిటన్‌లో 1968 నాటి కంట్రీసైడ్ చట్టం గుర్రపు బాటల మీద సైకిళ్లను అనుమతిస్తూనే, సైకిలువాడు నడిచేవాళ్లకూ గుర్రపు రౌతుకూ దారివ్వాలని రాసిపెట్టింది. మన బండిబాటకు అలాంటి రాత లేదు. పని మీద పోతున్నవాడికి, తీరిక మీద నడుస్తున్నవాడు దారి వదలడమే ఇక్కడి మర్యాద. అది న్యాయం కూడా, ఆ బాట అతని బతుకుబాట.

రోజును ఎంచుకోవడంలో షోలాపూర్ వాతావరణం బేరానికి ఒప్పుకోదు. మార్చి మొదలైతే ఎండ ముదురుతుంది, మే నెలలో నలభై డిగ్రీలు దాటడం మామూలు. వానాకాలంలో మరో చిక్కుంది. నల్లరేగడి తడిస్తే అడుగడుక్కీ చెప్పుకు ఒక పొర మట్టి అంటుకుంటూ పోతుంది, పావు కిలోమీటరు నడిచేసరికి ఒక్కో కాలికి కిలో బరువు కట్టినట్టే, దాని మీద జారుడు కూడా. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే ఈ నడకకు కాలం. వాన పడిన మర్నాడైతే అప్పుడు కూడా మానుకోవాలి. ఇక వేళ. కొండలెక్కేవాళ్లు ఇప్పటికీ వాడే ఒక లెక్కను స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో చెప్పాడు: మూడు మైళ్లకు ఒక గంట, ప్రతి రెండు వేల అడుగుల ఎక్కుడుకు మరో గంట. మన దారిలో ఎక్కుడు లేదు కాబట్టి రెండో ముక్క వదిలేయవచ్చు. మొదటి ముక్క మాత్రం ఒంటరిగా నడిచే గట్టి మనిషిది. ఆరేళ్ల పిల్లాడూ, మోకాళ్ల నొప్పుల అమ్మమ్మా ఉన్న గుంపుకు గంటకు మూడు కిలోమీటర్లే ఎక్కువ. ఏడు కిలోమీటర్లకు రెండు గంటల ఇరవై నిమిషాలు, తిండికీ పక్షులకూ ఫొటోలకూ ఇంకో గంట పైన, మొత్తం మూడున్నర గంటలు. జనవరిలో పొద్దు పొడిచేది ఏడు గంటల ప్రాంతంలో. ఏడుంబావుకు నడక మొదలైతే పదకొండు లోపల రోడ్డెక్కవచ్చు. ఆ మొదటి అడుగు కోసం అశోక్ చౌక్‌లో ఆరున్నరకే ఆటో ఎక్కాలి, అంటే తిండి రాత్రే కట్టి ఉండాలి. ముందు రోజు రాత్రి షిఫ్టు చేసినవాళ్లుంటే ఆ వారం మొత్తంగా వాయిదా వేయడమే మంచిది. నిద్రలేని ఒంటికి ఏ నడకా సులువుది కాదు.

పందిళ్లు లేని లోటు ఎంతటిదో నీళ్ల దగ్గర తెలుస్తుంది. చల్లటి పూట కూడా మనిషికి గంటకు అరలీటరు చొప్పున లెక్కేసుకోవాలి. మూడున్నర గంటలకు దాదాపు రెండు లీటర్లు, నలుగురున్న ఇంటికి ఏడెనిమిది లీటర్లు, అంటే ఏడెనిమిది కిలోల బరువు. ఇదంతా ఒకే క్యానులో పోసి ఇంటిపెద్ద భుజాన వేస్తే మొదటి కిలోమీటరుకే విహారం కూలిపని అవుతుంది. ఎవరి సీసా వాళ్లదే కావాలి, పిల్లాడికి కూడా చిన్నదొకటి. తిండి విషయంలో షోలాపూర్ అదృష్టం చేసుకున్న ఊరు. ఎండిన పాపడంలా విరిగే కడక్ భాక్రీ, దంచిన శేంగా చట్నీ రెండూ పాడవవు, కారవు, బరువుండవు. వాటి పక్కన ఉల్లిపాయ, మజ్జిగ సీసా, బెల్లం ముక్క ఉంటే ఇంక హోటలు వెతకనక్కర్లేదు. కూర్చోవడానికి పాత షోలాపూర్ చద్దర్ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. హవాయి చెప్పులతో మాత్రం రావద్దు, వేళ్ల మధ్య బొబ్బ లేవడానికి మూడు కిలోమీటర్లు చాలు. బడి పిల్లల కాన్వాసు బూట్లయినా చాలు, మేజోళ్లు ఉండాలి, కొత్తవి కాకూడదు.

ఆడవాళ్లు బయటికి చెప్పకుండానే రానని తప్పుకునే కారణం ఒకటుంది, మరుగుదొడ్డి. ప్రణాళిక వేసే మగవాళ్లకు ఇది చివర్లో కూడా గుర్తుకురాదు. తాగితే వెళ్లాల్సొస్తుందని నీళ్లు మానేసి నడిచి, తలనొప్పితో ఇల్లు చేరేవాళ్లు ఎందరో. ఇంటి నుంచి బయల్దేరే ముందు ఒకసారి, రహదారి పక్కన శుభ్రమైన హోటల్లో చాయ్ తాగే నెపంతో ఒకసారి, తిరిగి వచ్చాక అదే హోటల్లో ఇంకోసారి. ఈ మూడూ ముందే అనుకుంటే నడక ఎంత దూరమో కూడా అదే తేల్చేస్తుంది. షుగరు ఉన్నవాళ్లు మందు వేళ, తిండి వేళ చెడగొట్టుకోకూడదు, జేబులో తీపి బిస్కెట్లు ఉండాలి, ఇల్లు చేరాక పాదాలు వెలుతురులో చూసుకోవాలి. నూలు దుమ్ముకు దగ్గూ ఆయాసమూ పట్టుకున్న పాత కార్మికులు ఇన్‌హేలరు మరవకూడదు, గుంపు వాళ్ల అడుగుకు అడుగు కలపాలి. చెరువు చూడటానికే, దిగడానికి కాదని పిల్లలకు ఇంట్లోనే చెప్పాలి. నీరు తగ్గిన ఏడాది ఒడ్డు వెనక్కి జరిగి, ఎండినట్టు కనిపించే బురద మిగులుతుంది. దాని మీద కాలు పెట్టనివ్వద్దు.

ఇంత హైరానా ఉంటే అది విశ్రాంతి ఎలా అవుతుంది, వారానికొక్క సెలవు పడుకుని గడపనివ్వండి అనేవాళ్లున్నారు. వాళ్లతో నాకు సగం ఒప్పందమే. మొదటిసారి ఏర్పాటు నిజంగానే శ్రమ. అందుకే ఊరవతలికి వెళ్లేముందు ఊళ్లోనే ఒకసారి ప్రయత్నించడం మేలు. పేటల నుంచి సిద్ధేశ్వర చెరువు రెండు మూడు కిలోమీటర్ల లోపే. పొద్దున్నే బయల్దేరి, నీళ్ల మధ్యలోని గుడి, పక్కనే భుయికోట్ కోట గోడలు చూసుకుని, వెనక్కి ఆటో ఎక్కవచ్చు. పన్నెండో శతాబ్దపు సిద్ధరామేశ్వరుడు ఈ ఊరి చుట్టూ 68 లింగాలు ప్రతిష్ఠించాడని నమ్మకం. ఏటా సంక్రాంతి వేళ నందిధ్వజాలు ఎత్తుకున్నవాళ్లు ఆ లింగాలన్నిటికీ తైలాభిషేకం కోసం కాలినడకన తిరుగుతారు. వాళ్ల దారిలో ఒక చిన్న ముక్కను మామూలు రోజున పట్టుకున్నా చాలు, మీ గుంపులో ఎవరు ఎంత నడవగలరో, ఎవరు ముందు అలుగుతారో తెలిసిపోతుంది. ఆ తెలివిడితో హిప్పర్గా దూరం కొలుచుకోవచ్చు. నాలుగిళ్లవాళ్లు కలిస్తే ఖర్చు ఆటో కిరాయీ, చాయ్ డబ్బులే. రెండోసారికి ఎవరు ఏం తేవాలో అడగనక్కర్లేదు కూడా.

బయల్దేరేముందు తేల్చుకోవలసింది ఇంకొక్కటుంది, వెనక్కి తిరిగే సమయం. దాన్ని దూరంతో ముడిపెట్టకండి. అదిగో ఆ చెట్టు దాకా, ఆ గుడి దాకా అని మొదలుపెట్టిన గుంపు ఎప్పుడూ అనుకున్నదానికంటే ఎక్కువే నడుస్తుంది, ఎందుకంటే చెట్టు పక్కన ఇంకో చెట్టు ఉంటుంది. ఏడుంబావుకు మొదలైన నడకకు తొమ్మిది అని పెట్టుకోండి. తొమ్మిది కొట్టేసరికి మూడు కిలోమీటర్లు నడిచినా, ఒకటిన్నరే నడిచినా, చద్దర్ పరిచి భాక్రీ తిని వెనక్కి తిరగడమే. ఆ నిర్ణయం గుంపులో అందరికంటే హుషారైనవాడి చేతిలో పెట్టకూడదు. వాచీ అమ్మమ్మ చేతికి కట్టండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో పక్కింటివాళ్లకు చెప్పి, ఆటో అతని నంబరు ఇద్దరి ఫోన్లలో రాసుకుని, పదకొండుకు ఫలానా హోటల్ దగ్గరికి రమ్మని ముందు రాత్రే మాట్లాడుకోండి.